స్పై సినిమా రెండో భాగం: వార్ 2 చూడాలా, ఇంకోటి చూడాలా?

2025 ఆగస్టు 14న తిరుపతిలో సినిమా పిచ్చి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒకటే చర్చ. కూలీకి పోదామా, వార్ 2కి పోదామా? రెండూ ఒకే రోజు విడుదలయ్యాయి. ఒకవైపు రజనీకాంత్, ఎదురుగా విలన్‌గా మన నాగార్జున. ఇంకోవైపు జూనియర్ ఎన్టీఆర్ తొలి హిందీ సినిమా, అదీ హృతిక్ రోషన్‌తో ఢీ. మన వైపు సంగతి తెలిసిందే కదా. చిత్తూరు దాటితే కాసేపట్లో వేలూరు. రజనీ సినిమాను ఇక్కడ ఎవరూ డబ్బింగ్ సినిమాగా చూడరు, సొంత సినిమా కిందే లెక్క. కాబట్టి ఆ వారం చాలా ఇళ్లలో అన్నదమ్ములు చెరో హాలుకి పోయారు.

ఆ సందడి ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు వార్ 2 ఇంట్లో కూర్చుని చూసే సినిమా, అందుకే అడిగే ప్రశ్న కూడా మారింది. "అన్నా, ఆదివారం మంచి స్పై సినిమా ఒకటి చెప్పన్నా. సీక్వెల్ అయినా ఫర్వాలేదు గానీ, మొదటి భాగం చూడకపోయినా అర్థం కావాల." యూనివర్సిటీలో చదివే పిల్లలు, మా బంధువుల పిల్లలు నన్ను తరచుగా అడిగేది ఇదే. దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కుదరదు. ఎవరు చూస్తున్నారు, ఎవరితో కలిసి చూస్తున్నారు, ఎంత టైం ఉంది, ఏ భాషలో చూస్తారు అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

స్పై సినిమా సీక్వెల్‌ని నేను ఒకే ఒక్క లెక్కతో చూస్తాను. మొదటి పావుగంటలో హీరో ఈసారి ఏం పోగొట్టుకునే ప్రమాదం ఉందో నాకు తెలియాలి. ఆ పోయేది మొదటి భాగంలో పోయినదే అయితే, దేశాలు మారినా, కార్లు పెరిగినా నాకు టెన్షన్ రాదు. గూఢచారి చావడని మనందరికీ తెలుసు. పోస్టర్ మీద బొమ్మ అతనిదే, మూడో భాగానికి అప్పుడే అడ్వాన్సులు కూడా ఇచ్చి ఉంటారు. అలాంటప్పుడు మనల్ని కుర్చీ అంచున కూర్చోబెట్టాలంటే అతని ప్రాణం మీద పందెం కాస్తే చాలదు. అతని స్నేహం, అతని పేరు, అతన్ని నమ్మిన మనిషి, వీటిలో ఏదో ఒకటి నిజంగా పోయేలా ఉండాలి.

వార్ 2 విషయంలో మొదట బాగున్నది చెబుతాను. కథలో కొంత బయటపడుతుంది, ఏమీ తెలియకుండా చూడాలనుకునేవాళ్లు ఈ భాగం వదిలేసి కిందికి పోవచ్చు.

ఇద్దరు నటుల మధ్య పోటీ ఈ సినిమాకు అసలు బలం. హృతిక్ కబీర్‌గా మళ్లీ వచ్చాడు. ఆ పాత్ర అలసట అతని ఒంటి మీద కనిపిస్తుంది. ఇల్లూ ఊరూ లేకుండా తిరిగే మనిషి ఎలా నడుస్తాడో అలా నడుస్తాడు. ఎన్టీఆర్ పాత్ర పేరు విక్రమ్ చలపతి. మన ఊళ్లో వీధికొక చలపతి ఉంటాడు, ఆ పేరు వినగానే ఇక్కడివాళ్లకు పాత్ర సగం దగ్గరైపోతుంది. ఇద్దరూ కలిసి డాన్స్ చేసే పాట ఒకటి ఉంది. అందులో హృతిక్ గాలిలో తేలినట్టు ఆడతాడు, ఎన్టీఆర్ నేలను తన్ని ఆడతాడు. ఒకే స్టెప్పు రెండు ఒళ్లలో రెండు రకాలుగా పలుకుతుంది. అభిమానం పక్కన పెట్టి, డాన్స్ కోసమే చూసినా ఆ పాట రెండుమూడుసార్లు చూడొచ్చు. మొదట్లో జపాన్‌లో జరిగే కత్తియుద్ధం కూడా బాగుంది. ఎవరు ఎటు నుంచి వస్తున్నారో, ఎవరు ఎక్కడ నిలబడ్డారో మన కంటికి తెలుస్తూనే ఉంటుంది. యాక్షన్ సీన్‌కి అంతకు మించి ఏం కావాలి?

ఇక లోపం దగ్గరికి వస్తే, అది గ్రాఫిక్స్‌తో మొదలు కాలేదు. గ్రాఫిక్స్ తేలిపోయాయని అందరూ అన్నారు, నిజమే. ఆకాశంలో విమానాల దగ్గర జరిగే ఘట్టంలో మనుషులకు బరువు లేనట్టు అనిపిస్తుంది. కానీ అసలు తప్పు కథ రాసుకున్నప్పుడే జరిగింది. 2019లో వచ్చిన మొదటి వార్‌ను ఒకసారి గుర్తు చేసుకోండి. కబీర్ ఒక సీనియర్ అధికారిని చంపి పారిపోతాడు. అతన్ని పట్టుకునే పని, అతనే తయారుచేసిన కుర్రాడు ఖాలిద్ మీద పడుతుంది. కబీర్ ద్రోహం చేశాడా, లేక ఏదైనా కారణం ఉందా? ఆ ప్రశ్న సినిమాలో చాలాసేపు మనల్ని పట్టుకుని కూర్చుంటుంది. ఖాలిద్ తండ్రి మీద దేశద్రోహి అన్న ముద్ర ఉంది, అందుకే ఆ కుర్రాడికి కబీర్ ఇచ్చిన నమ్మకం ఉద్యోగం కంటే పెద్దది. గురువు తప్పు చేశాడంటే శిష్యుడి బతుకు అర్థమే మారిపోతుంది. పందెం అంటే అదీ.

వార్ 2లో మళ్లీ కబీర్ ఒక పెద్దాయన్ని చంపుతాడు. ఈసారి తన గురువు లూథ్రానే. మళ్లీ ఒక అధికారి అతని వెంట పడతాడు. కానీ కబీర్ ఎందుకు చంపాడో మనకు ముందే చెప్పేశారు. కలి అనే ముఠాలోకి చొరబడాలంటే అతనికి ఆ పరీక్ష తప్పలేదు. ఇక అనుమానం ఎక్కడుంది? మొదటి భాగం ఏ ప్రశ్న మీద నడిచిందో ఆ ప్రశ్నకు జవాబు చేతిలో పెట్టి, అదే దారిలో మనల్ని మళ్లీ నడిపిస్తారు. లూథ్రా కూతురు కావ్యగా కియారా అద్వానీ ఉంది. ఆమె తండ్రిని చంపినవాడు ఒకప్పుడు ఆమె ప్రేమించినవాడు. నా దృష్టిలో ఈ సినిమాలో అన్నిటికంటే బలమైన పందెం ఇదే. ఆమె కళ్లలోకి కబీర్ సూటిగా చూడలేని సీను ఒక్కటి తీరిగ్గా రాసి ఉంటే సినిమా తీరే మారిపోయేది. దాన్ని తొందరగా దాటేసి, మగవాళ్లిద్దరి చిన్ననాటి కథకు చాలా నిడివి ఇచ్చారు. ఆ ఫ్లాష్‌బ్యాక్ సెకండాఫ్‌లో వస్తుంది, అప్పటికి మన ఓపిక సగం అయిపోయి ఉంటుంది. మూడు గంటలకు దగ్గరపడే సినిమాలో అలాంటి చోట కాళ్లు కదలడం మొదలవుతాయి.

దర్శకుడు మారడం కూడా ఒక కారణమని నాకనిపిస్తుంది. మొదటిది సిద్ధార్థ్ ఆనంద్ తీశాడు. అతను తర్కం అడిగే లోపే తర్వాతి సీనుకు లాక్కుపోయే రకం. రెండోది అయాన్ ముఖర్జీ. అతని బలం స్నేహాలు, ప్రేమలు. ఆ బలాన్ని వాడుకునే కథ కాకుండా, మొదటివాడి చొక్కా తెచ్చి ఇతనికి తొడిగారు.

కాబట్టి ఎవరు చూడాలి? ఎన్టీఆర్ మీద, హృతిక్ మీద ప్రేమ ఉన్నవాళ్లు తప్పకుండా చూడండి, మీకు డబ్బు వృథా అనిపించదు. మొదటి వార్ చూడకపోయినా కథ అర్థమవుతుంది. అంతే కాదు, చూడనివాళ్లకే రెండోది కాస్త ఎక్కువ నచ్చే అవకాశం ఉంది, పాత దారి అని వాళ్లకు తెలియదు కాబట్టి. మొదటిది బాగా నచ్చినవాళ్లు మాత్రం ఆశ కొంచెం తగ్గించుకుని కూర్చోండి.

ఇదే నిర్మాణ సంస్థ తీసిన ఇంకో రెండో భాగం టైగర్ జిందా హై. 2017 డిసెంబరులో వచ్చింది. వార్ 2 పక్కన పెట్టి చూడాల్సింది దీన్నే, ఎందుకంటే దీనికీ దర్శకుడు మారాడు, దీనిలోనూ తర్కం అడగకూడని చోట్లు బోలెడు. అయినా ఇది నిలబడింది. 2014లో ఇరాక్‌లోని తిక్రిత్‌లో కేరళ నర్సులు 46 మంది చిక్కుకుని, చివరికి క్షేమంగా ఇంటికి చేరిన ఘటన మీద ఈ కథ అల్లారు. మన జిల్లాలోనూ పక్కన కడప జిల్లాలోనూ గల్ఫ్‌కి పనికి పోయినవాళ్ల కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పరాయి దేశంలో ఆసుపత్రి గదిలో తలుపు మూసుకుని, ఫోన్ సిగ్నల్ కోసం ఎదురుచూసే ఆడపిల్లలను చూస్తే వాళ్లకు అది కథలా అనిపించదు. భారత గూఢచారి టైగర్‌కి, పాకిస్తాన్ గూఢచారి జోయాకి ఇప్పుడు పెళ్లయింది, కొడుకున్నాడు. భారత, పాకిస్తాన్ నర్సులు ఒకే గోడల మధ్య ఉన్నారు కాబట్టి రెండు దేశాల ఏజెంట్లు కలిసి పనిచేయాల్సి వస్తుంది. మొదటి భాగంలో ఇద్దరు మనుషుల మధ్య ఉన్న చిక్కు ఇక్కడ రెండు జట్ల మధ్యకు వచ్చింది. సీక్వెల్ పెరగాల్సింది ఇలాగే.

చివరి అరగంట మాత్రం మెషిన్‌గన్ మోతే. సల్మాన్ అభిమానులకు పండగ, మిగతావాళ్లకు చెవి నొప్పి. అమ్మానాన్నలతో కలిసి చూడటానికైతే వార్ 2 కంటే ఇదే మేలని నేను చెబుతాను.

విశ్వరూపం 2 గురించి చిత్తూరు వాళ్లతో మాట్లాడితే మాట తెగదు. తమిళం వచ్చినవాళ్లు, కమల్‌ను చిన్నప్పటి నుంచి చూసినవాళ్లు ఎక్కువ కాబట్టి. 2013లో మొదటిది వచ్చినప్పుడు, అమాయకంగా నడిచే కథక్ మాస్టారు ఒక్క క్షణంలో సైనికుడిగా మారే సీనుకి హాలు హాలంతా ఊగిపోయింది. రెండోది 2018 ఆగస్టులో, అయిదేళ్ల తర్వాత వచ్చింది. లోపమంతా ఆ అయిదేళ్లలోనే ఉంది. జనం మర్చిపోయి ఉంటారని మొదటి భాగం ముక్కలు మళ్లీ మళ్లీ చూపిస్తారు, కథ ముందుకూ వెనక్కూ పరుగెత్తి అలసిపోతుంది. మొదటిది చూడనివాళ్లకు ఇది అస్సలు వద్దు, ఏ పాము ఏ పుట్టలోదో తెలియదు.

కానీ ఒక సీను కోసం నేను దీన్ని పూర్తిగా కొట్టేయలేను. హీరో తల్లిగా వహీదా రెహమాన్ నటించింది. ఆమెకు మతిమరుపు జబ్బు. ఏళ్ల తర్వాత కొడుకు ఎదురుగా వచ్చి నిలబడితే ఆమె గుర్తుపట్టదు. బతుకంతా మారుపేర్లతో, మారువేషాలతో గడిపినవాడు సొంత ముఖంతో వచ్చినప్పుడు కన్నతల్లే ఎవరు నువ్వంటుంది. గొడవ లేదు, తుపాకీ లేదు. ఆ సీనులో కమల్ ముఖం చూస్తే, గూఢచారి పని మనిషి నుంచి ఏం తీసుకుంటుందో తెలుస్తుంది. ఇంట్లో అలాంటి జబ్బుతో పెద్దవాళ్లు ఉన్నవాళ్లు ఆ సీను దగ్గర కాసేపు మాట్లాడలేరు. విశ్వరూపం రెండు భాగాలూ ఒకే రోజు వరుసగా చూడగలిగే ఓపిక ఉంటే ఎంచుకోండి. విడిగా రెండోది ఒక్కటే వద్దు.

ఇంగ్లిష్ సినిమాల్లో ఎంపిక ఎక్కువ, గందరగోళమూ ఎక్కువే. నా ఓటు ఏ అనుమానం లేకుండా మిషన్ ఇంపాసిబుల్: ఫాలౌట్‌కి. 2018లో వచ్చింది, వరుసలో ఆరోది. ఆరోదాన్ని ఎలా చూడమంటావని అడుగుతారు. దీనికి ముందు వచ్చిన రోగ్ నేషన్ ఒక్కటి చూస్తే చాలు, విలన్ అతనే, ముఖ్యమైన ఆడపాత్రా ఆమే.

మొదట్లో జరిగేది కాస్త దగ్గరగా చూడండి. బెర్లిన్‌లో రాత్రిపూట ప్లుటోనియం పెట్టె కోసం బేరం. గొడవ మొదలై, శత్రువులు హీరో ఈథన్ స్నేహితుడు లూథర్‌ను పట్టుకుని తలకు తుపాకీ పెడతారు. పెట్టె కావాలా, మనిషి కావాలా? ఈథన్ మనిషిని ఎంచుకుంటాడు. పెట్టె పోతుంది. ఇక ఆ రెండున్నర గంటల్లో జరిగేదంతా ఆ ఒక్క నిర్ణయానికి కట్టే బాకీయే. పై అధికారులు అదే అడుగుతారు, శత్రువు దాన్నే ఎగతాళి చేస్తాడు, ఈథన్ తనను తాను అడుక్కునేదీ అదే. చివరికి పాత భార్యను కూడా ఆ ప్రమాదం మధ్యలోకి తెచ్చి నిలబెడతారు. నేను పైన చెప్పిన మొదటి పావుగంట లెక్కకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

యాక్షన్ సంగతి చెప్పనక్కర్లేదు. పారిస్‌లో తెల్లటి బాత్రూంలో ముగ్గురు కొట్టుకునే సీనుకి వెనక సంగీతం లేదు. పైపులు విరిగే చప్పుడు, అద్దాలు పగిలే చప్పుడు, ఊపిరి చప్పుడు, అంతే. మన సినిమాల్లో ప్రతి గుద్దుకీ డ్రమ్ము మోగించేవాళ్లు ఆ ఒక్క సీను చూస్తే బాగుండు. లండన్‌లో ఒక బిల్డింగ్ మీద నుంచి ఇంకోదాని మీదికి దూకినప్పుడు టామ్ క్రూజ్ చీలమండ నిజంగానే విరిగింది. సినిమాలో ఆ షాట్ అలాగే ఉంచారు, అతను కుంటుతూ లేవడం కనిపిస్తుంది. ఒక్క విషయంలో మాత్రం మనవాళ్లకు చిరాకు రావచ్చు. ఆఖరి ఘట్టం కశ్మీరంలో అంటారు, తీసింది న్యూజిలాండ్, నార్వేల్లో. కొండలు చూడగానే తెలిసిపోతుంది.

టైం తక్కువ ఉన్నవాళ్లకు బోర్న్ సుప్రిమసీ. 2004 నాటిది, రెండు గంటల లోపే అయిపోతుంది. కథ మన గోవాలో మొదలవుతుంది, హీరోకి ఉన్న ఒక్క తోడూ అక్కడే పోతుంది. అతను చివరికి పగ తీర్చుకుంటాడని అనుకుంటాం. కానీ మాస్కోలో ఒక అమ్మాయి ఇంటికి వెళ్లి, నీ తల్లిదండ్రులను చంపింది నేనే అని నిజం చెప్పి, క్షమించమని అడిగి వెళ్లిపోతాడు. యాక్షన్ సినిమా ఆఖర్లో హీరో క్షమాపణ చెప్పడం ఎన్నిసార్లు చూసి ఉంటారు? కెమెరా మాత్రం చేతిలో పట్టుకుని తీసినట్టు ఊగుతూనే ఉంటుంది. తల తిరిగే అలవాటు ఉన్నవాళ్లు, ముఖ్యంగా బస్సులో ఘాట్ రోడ్డు ఎక్కితే వాంతి వచ్చేవాళ్లు, పెద్ద తెర మీద దీన్ని చూడొద్దు.

బాండ్ వరుసలో క్వాంటమ్ ఆఫ్ సొలేస్ గురించి రెండు మాటలు చాలు. 2008లో వచ్చింది, 106 నిమిషాలు, బాండ్ సినిమాల్లో అన్నిటికంటే చిన్నది. క్యాసినో రాయల్ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలవుతుంది. అది చూడకుండా ఇది చూస్తే ఏమీ ఎక్కదు, చూసినా ఎడిటింగ్ కోతలు మరీ వేగంగా ఉండి ఎవరు ఎవరిని కొట్టారో తేలదు. దీన్ని వదిలేసి స్కైఫాల్ పెట్టుకోండి.

భాష సంగతి కూడా తేల్చుకుని కూర్చోవాలి, చాలామంది దీన్ని పట్టించుకోరు. వార్ 2 తెలుగులో చూడటమే మంచిది, ఎన్టీఆర్ గొంతు తెలుగులో వినడానికే సగం మంది కూర్చుంటారు. హృతిక్ పెదాలకూ మాటకూ పొంతన లేక అక్కడక్కడా ఇబ్బంది పడతారు, సర్దుకోవచ్చు. విశ్వరూపం, తమిళం అర్థమయ్యేవాళ్లు తమిళంలోనే చూడండి. ఫాలౌట్‌కి తెలుగు డబ్బింగ్ ఉంది, పిల్లలతో చూస్తే అదే తీసుకోండి. ఒంటరిగా చూస్తే ఇంగ్లిష్‌లో పెట్టి కింద సబ్‌టైటిల్స్ వేసుకోండి, ఎందుకంటే ఆ సినిమాలో నమ్మకద్రోహమంతా నెమ్మదిగా, లోగొంతుతో జరుగుతుంది. డబ్బింగ్‌లో అందరూ ఒకే స్థాయిలో అరిచినట్టు మాట్లాడితే ఆ రుచి పోతుంది.

తెర గురించి ఇంకొక్క మాట. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై పోతూ ఫోన్‌లో ఫాలౌట్ చూసే కుర్రాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఆకాశం నుంచి దూకే సీను అరచేతిలో ఏం కనిపిస్తుంది? రైల్లో అయితే బోర్న్ చూసుకోండి, అందులో ముఖాలే ముఖ్యం, ఇయర్‌ఫోన్స్ ఉంటే చాలు. వార్ 2కి, ఫాలౌట్‌కి కనీసం ఇంట్లో టీవీ, కాస్త మంచి స్పీకర్ ఉండాలి. ఎవరికైనా పెద్ద టీవీ ఉంటే వాళ్లింట్లో అందరూ చేరండి, ఈ సినిమాలు నలుగురితో చూస్తేనే సరదా.

చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో మొదట సర్టిఫికెట్ చూడండి. ఇప్పుడు కొత్త సినిమాలకు యూఏ పక్కన 7, 13, 16 అని వయసు అంకె వేస్తున్నారు. 16 అని ఉంటే పదేళ్ల పిల్లాడిని పక్కన కూర్చోబెట్టుకోవద్దు. పాత సినిమాలకు ఆ అంకె ఉండదు, కాబట్టి పెద్దవాళ్లు ముందు ఒకసారి చూసుకోవడం మంచిది. టైగర్ జిందా హైలో బందీలను హింసించే సీన్లు ఉన్నాయి, పన్నెండేళ్ల లోపు పిల్లలకు అవి వద్దు.

ఇంతా చెప్పి తెలుగు సినిమా మాట ఎత్తకపోతే ఎలా? 1966లోనే కృష్ణ గూఢచారి 116 చేసి ఆంధ్రా జేమ్స్‌బాండ్ అనిపించుకున్నాడు. మా ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ సినిమా పేరు చెబితే కళ్లు పెద్దవి చేస్తారు. ఈ కాలంలో ఆ పని 2018లో అడివి శేష్ గూఢచారి చేసింది. ఫారిన్ కార్ల వరుసలు లేవు, పదిమంది స్టార్లు లేరు. పెంచిన తండ్రి, కన్న తండ్రి అనే రెండు ముడుల మధ్య నలిగే ఒక కుర్రాడు, అతన్ని తీసుకున్న త్రినేత్ర అనే సంస్థ, అంతే. పెంచిన తండ్రిగా ప్రకాశ్‌రాజ్ ఫోన్‌లో మాట్లాడే తీరు కోసమైనా చూడొచ్చు. దానికి జీ2 పేరుతో రెండో భాగం ప్రకటించారు. దర్శకుడు ఇక్కడా మారాడు, స్థాయి చాలా పెంచుతున్నారు. వార్ 2కి వచ్చిన జబ్బు దీనికీ వచ్చే ప్రమాదం అక్కడే ఉంది కాబట్టి, మొదటి గూఢచారి చూడనివాళ్లు ఈ ఆదివారమే చూసేయండి. ఆ కుర్రాడు మొదటిసారి ఏం పోగొట్టుకున్నాడో బాగా గుర్తుంటేనే రెండోసారి అతని ముందు ఏం పందెం పెట్టారో కొలవగలుగుతారు.